కన్ను గుంత దిక్కు, చెయ్యి ఊరు దిక్కు

వికారాబాద్,
జూన్ 14

పెద్దమ్మా,

మంచిచెడ్డలు చివర్లో అడుగుత. ముందు వార్త. కూర్చొని చదువు.

మీ తాండూరు రాతి వ్యాపారుల సంఘం వాళ్లు వికారాబాద్ రోడ్డు మీద, ఊరు మొదలయ్యే చౌరస్తా పక్కన, తమ జాగాలో ఊరికి గుర్తుగ ఒక కట్టడం కట్టిస్తున్నరు. తాండూరు అంటే బండ అని దూరం నుంచే తెలిసేటట్టు ఏదైనా గీసియ్యమని అందరినీ అడిగిన్రు. హైదరాబాద్ నుంచి నలుగురు వచ్చిన్రు. ఒకాయన ఇరవై అడుగుల కందికాయ గీసిండు. ఇంకొకాయన రెక్కల గుర్రం గీసిండు, తాండూరుకు గుర్రానికి ఏం సంబంధమో ఆయనకే తెలియాలె. గెలిచింది మాత్రం స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సీలు కొట్టే మా అమర్‌నాథ్ సార్ దుకాణం. అంటే నేను.

బొమ్మ ప్రింటు ఇందులో పెడుతున్న. పెద్ద పెద్ద బండల మనిషి. రెండు కాళ్లు, నడుము, రెండు పక్కలకు చాచిన చేతులు, మీద తల. పేరు 'తాండూరు శిలామానవుడు'. పేరు కూడ నేనే పెట్టిన. సంఘం అధ్యక్షుడు దశరథం సేట్ చాలాసేపు చూసి, మనిషి లెక్కనే ఉన్నడు అన్నడట. అంతే, ఖాయం. లోపల ఇనుము, పైన సిమెంటు, దాని మీద బండ రంగు. ముందు ఫైబర్‌తో ఒక నమూనా చేయిస్తరు, ఆ తర్వాత అసలుది.

డిగ్రీ చదివి, మల్టీమీడియా కోర్సు చేసి, రెండేండ్ల సంది పుట్టినరోజు ఫ్లెక్సీల మీద నాయకుల మొహాలు తెల్లగ చేసుడే నా పని. మొదటిసారి నేను చేసింది ఒకటి వాన పడ్డా చిరగకుండ నిలబడబోతుంది.

నీ చెవి మిషన్ పెట్టుకుంటున్నవా, డబ్బాలోనే ఉందా? ఫోన్ చేసి చెబుదామంటే నీకు వినబడదు, నా గొంతు పోతది. ఏడో తరగతి సెలవుల్లో నీకు అక్షరాలు నేర్పినందుకు నన్ను నేనే మెచ్చుకుంటున్న. పెద్దనాయనకు బొమ్మ చూపెట్టు.

నీ
వందన


తాండూరు,
జూన్ 25

బిడ్డ వందనకు నాగవ్వ రాసేది.

కూసోనే చదివిన. సంతోషం. దాని మీద నీ పేరు రాస్తరా, అమర్‌నాథ్ సారు పేరే రాస్తరా, ముందుగాల్నే అడిగి పెట్టుకో.

బొమ్మ మీ పెద్దనాయనకు చూపెట్టిన. అంపైరు వైడ్ బాల్ ఇచ్చినట్టున్నడు అన్నడు. ఆయన మాటలు నీకు ఎరుకే. బండల డిపోల నాతోని బండలు పేర్చే గోవిందమ్మకు, మొగులమ్మకు సుత చూపెట్టిన. మొగులమ్మ మస్తుసేపు చూసి, వీడు ఏమంటుండు అని అడిగింది. నాకు చెప్పరాలే. అందుకే నిన్ను అడుగుతున్న.

బండ మీద బండ నిలవెడితే అది ఒక మాట అనాలె. మా గనుల కాడ గట్లనే. నువ్వు చిన్నగున్నప్పుడు చూసినవ్, యాది లేదేమో. రాయి తీసి ఇడిసిపెట్టిన గుంతల వాన నీళ్లు నిండితే నేలకు సమానంగ కనవడ్తది. ఎవలన్న నడుసుకుంట పోయి పడ్తరని పక్కకు ఆనవాలు పెడుతరు. సిమెంటు ఉండదు. ముక్క బండలే ఒకదాని మీద ఒకటి. నడుమ ఒక కన్ను ఇడుస్తరు. ఒంగి చూస్తే అండ్లకెల్లి గుంత కనవడాలె. మీద ఒక పొడుగు బండ అడ్డం పెడుతరు, అది చెయ్యి. అది మంచి తొవ్వను చూపెట్టాలె. కన్ను గుంత దిక్కు, చెయ్యి ఊరు దిక్కు. చదువు రానోడు సుత చదువుకుంటడు.

నీ మనిషికి రెండు చేతులు రెండు దిక్కులకున్నయి. ఎటు పొమ్మంటుండు? కన్ను లేదు. తలకాయ ఉన్నది గని దాంతోని ఏం పని ఉన్నట్టు లేదు.

ఒక మాట. బండల ఊర్ల సిమెంటుకు బండ రంగు ఏస్తరా? సేటుకు ఎండదెబ్బ తాకిందా?

మిషన్ డబ్బల్నే ఉన్నది. పెట్టుకుంటే మీ పెద్దనాయన గురక ఇనవడ్తది.

నాగవ్వ


వికారాబాద్,
జూలై 4

పెద్దమ్మా,

నీ జాబు చదివి రెండు రోజులు కోపంగ ఉన్న. గెలిచిందాన్ని ఎవరన్న వైడ్ బాల్ అంటరా? మూడో రోజు కోపం పోయింది, సిగ్గు వచ్చింది. ఆ సిగ్గుతోనే రాస్తున్న.

ఆ బొమ్మ నేను గీయలే.

ఇంటర్నెట్‌లో రాళ్ల బొమ్మలు వెతుకుతుంటే దొరికింది. మంచు మీద నిలబడ్డ రాతి మనిషి. మంచు తీసేసి తాండూరు ఎండ పెట్టిన. బూడిదరంగు రాళ్లను మన నీలం బండలు చేసిన. కింద పేరు మార్చిన. నాయకుల మొహాలు తెల్లగ చేసే చేతికి అదెంత పని? ఎక్కడిదని అమర్‌నాథ్ సార్ అడగలే, నేను చెప్పలే.

'వీడు ఏమంటుండు' అని మొగులమ్మ అడిగింది చూడు, ఆ జవాబు కోసం మొదటిసారి ఆ ఫొటో కింద రాసింది చదివిన.

భూమికి ఉత్తరం కొసన, చెట్టు మొలవని మంచు నేలల్లో ఇన్యూట్ అనే జనం ఉంటరు. ఎటు చూసినా ఒకటే తెలుపు, దిక్కు తెలియదు. అందుకని రాళ్లు పేరుస్తరు. సిమెంటు లేదు, మట్టి లేదు, రాయి మీద రాయే. ఇనుక్‌షుక్ అంటరు. మనిషి బదులు పని చేసేది అని ఆ మాటకు అర్థమట. ఇక్కడ చేపలున్నయి, ఇక్కడ మాంసం దాచిపెట్టినం, జింకల మంద ఇటు వస్తది, నువ్వు ఇటు పో. ఒక్కో పేర్పుకు ఒక్కో మాట. కొన్నింటికి నడుమ కిటికీ ఉంటదట పెద్దమ్మా. ఒంగి అందులోంచి చూస్తే పోవాల్సిన దిక్కు కనబడతదట. అది చదివి నేను కుర్చీలోంచి లేచి, దుకాణం బయట స్టేషన్ రోడ్డు మీద ఊరికెనే నిలబడ్డ. ఎన్నడూ ఒకరినొకరు చూడనోళ్లు రాతికి ఒకే తీరు కన్ను పెట్టిన్రు.

నేను ఎత్తుకొచ్చిన కాళ్లు చేతుల బొమ్మ అసలు ఇనుక్‌షుకే కాదట. మనిషిని పోలిన బొమ్మ, దానికి వేరే పేరు, ఇనున్‌గ్వాక్. బయటోళ్లు చూసి మురిసిపోయేది, ప్రపంచమంతా ఎత్తుకపోయింది ఎక్కువ అదే. విమానాశ్రయాల ముందర, పార్కుల్లో, ఒకసారి ఒలింపిక్ ఆటల గుర్తుగ కూడ పెట్టిన్రు. తాళంచెవులకు కట్టి అమ్ముతరు. నునావుట్ అని వాళ్ల సొంత గడ్డ ఉంది, దాని జెండా నడుమ మాత్రం ఎర్రటి ఇనుక్‌షుక్ నిలబడి ఉంటది. చూడబోయినోళ్లు సరదాకు ఎక్కడపడితే అక్కడ రాళ్లు పేర్చి పోతుంటే, నమ్మి నడిచేటోళ్లు తోవ తప్పుతరని అక్కడి పెద్దలు బాధపడతరట. ఇంకొక మాట కూడ అంటరట. నిలబెట్టిన దాన్ని కూల్చొద్దు. దాన్ని నమ్ముకొని ఎవరు వస్తున్నరో నీకు తెలియదు.

నేను చేసింది చూడు. వాళ్ల గుర్తు ఎత్తుకొచ్చి, అది చెప్పే మాట తీసేసి, మన ఊరి పేరు తగిలించిన. మన గుర్తేమో మన గుంతల కాడ నిలబడే ఉంది.

దశరథం సేట్‌కు నిజం చెప్పేస్త. చెప్పి, చౌరస్తాలో ఆనవాలు పెట్టమంట. పెట్టేది మాత్రం నువ్వు. నీకంటే బాగ పేర్చేటోళ్లు తాండూరులో లేరని అమ్మ ఎప్పుడూ అంటది. వెంటనే జవాబు రాయి.

వందన


వికారాబాద్,
జూలై 30

పెద్దమ్మా,

నాలుగు వారాలైంది. రోజూ పోస్టాయన్ని చూస్తున్న, ఆయన నన్ను చూసి తల అడ్డంగ ఊపి పోతున్నడు. నేను దొంగబొమ్మ పెట్టిననని నీకు కోపమా? ఉంటే తిట్టి రాయి.

సేట్ దగ్గరికి పోయిన. గల్లా ముందర కూర్చొని పల్లికాయ ఒలుస్తుండు. ఆ బొమ్మ నాది కాదు, ఫలానా జనానిది, నేను ఎత్తుకొచ్చిన అన్న. ఒలుచుడు ఆపకుండనే, వాళ్లకు తెలుస్తదా అని అడిగిండు. నాకు తెలిసింది సేట్ అన్న. అప్పుడు ఆపిండు.

ఆనవాలు సంగతి చెప్పిన. ఎరుకే, మా నాయన గనిల మస్తు చూసిన అన్నడు. అది కూలోళ్లు పెట్టుకునేది కద అని కూడ అన్నడు. అందుకే అది తాండూరుది అన్న నేను. ఒళ్లో పడ్డ పొట్టు ఊదేసిండు. తర్వాత అడిగిన మాట న్యాయమైనదే. పొద్దుమాపు లోడు లారీలు పోయే రోడ్డు పక్కన సిమెంటు లేని బండలు ఎట్ల నిలబడతయి, ఎవరి మీదన్న పడితే ఎవరు జవాబుదారి?

షరతు పెట్టిండు. తన డిపోలో లారీలు తూకం వేసే కాంటా పక్కన ఆరడుగుల ఆనవాలు పెట్టాలె. దీపావళి దాక ఒక్క బండ కదలకుండ ఉండాలె. దాని పక్కనే కాంట్రాక్టరు ఫైబర్ నమూనా కూడ నిలబెడతడు. దీపావళి పోయినంక సంఘం రెండూ చూసి ఒకటి ఒప్పుకుంటది.

అమర్‌నాథ్ సార్ నన్ను తిట్టలే. నా కంప్యూటర్ స్విచ్ బంద్ చేసి, రేపటి సంది ఫ్లెక్సీలకు రింగులు కొట్టు అన్నడు. కొడుతున్న. వేళ్లు మండుతున్నయి. అయినా మొన్నటికంటే మంచిగనే నిద్ర పడుతుంది.

ఇప్పుడు అంతా నీ మీద ఉంది. నువ్వు రాకపోతే ఆ అంపైరే చౌరస్తాలో నిలబడతడు.

వందన


తాండూరు,
ఆగస్టు 10

బిడ్డా,

నీ మీద కోపం లేదు. నీ జాబుల ఒక మాట ఉన్నది, నిలవెట్టిన దాన్ని కూల్చొద్దని. అది చదివి మడతపెట్టి బియ్యం డబ్బల ఏసిన. మల్ల తియ్యలే.

నేను కూల్చిన.

ఇరవైరెండేండ్లాయె. ఈ ఇల్లు కట్టుకుంటున్నం. గడప ముంగట మెట్టుకు పొడుగు బండ కావాలె. పాత గని కాడ ఒక ఆనవాలు ఉండె, మా అత్తగారి కాలంది, ఎవలు పెట్టిన్రో తెల్వదు. దాని చెయ్యి అయిదడుగుల బండ. ఒక్క పగులు లేదు, నీళ్ల తీరు నున్నగున్నది. ఎండకాలం, గుంత ఎండి ఉన్నది. ఇటు దిక్కు ఎవలు వస్తరులే అనుకున్న. మీదున్న బరువు దించి, చెయ్యి గుంజి, నెత్తి మీద పెట్టుకొని వచ్చిన. గుంజంగనే కన్ను కూలింది. రేపొచ్చి మల్ల పేరుద్దాం అనుకున్న. రేపు పోలే, ఎల్లుండి పోలే.

ఆ వానకాలం గుంత నిండింది. మీ పెద్దనాయన తెల్లారకముందే మబ్బుల లేసి బండకోత మిషన్ కాడికి అడ్డతొవ్వల పోయి అండ్లనే పడ్డడు. నడుమ ఒక గట్టు అడ్డమున్నది కాబట్టి పానం దక్కింది. కాలు కుంటిదైపోయింది. కోతపని పోయి కావలిపని అయింది.

ఆ బండ మీదనే కాలు పెట్టి కుంటుకుంట ఇంట్లకు వస్తడు, పోతడు. నేను చూస్త. ఇప్పటిదాంక చెప్పలే. ఎట్ల చెప్పాలె? ఆ దినం సంది నేను ఆనవాలు పెట్టలే. డిపోల పేర్చుడు వేరు. చేతులు అదే పని చేస్తయి గని అండ్ల మాట ఉండదు.

వేరేటోళ్లను చూసుకో. మీ పెద్దనాయనకు చెప్పకు.

నాగవ్వ


వికారాబాద్,
ఆగస్టు 18

పెద్దమ్మా,

మూడు జాబులు రాసి చింపిన. మొదటి దాంట్లో నిన్ను ఓదార్చిన, చదివితే నాకే నచ్చలే. రెండో దాంట్లో తప్పు నీది కాదన్న, అది అబద్ధం. మూడోది తడిసిపోయింది.

ఇది నాలుగోది, చిన్నది.

నేను గుర్తు ఎత్తుకొచ్చిన, నువ్వు గుర్తులోంచి బండ ఎత్తుకొచ్చినవ్. నన్ను నీ పోలిక అని అమ్మ ఊరికె అనదు. కాని కూల్చినోళ్లు మళ్ల నిలబెట్టొద్దని ఆ మంచు నేల పెద్దలు అన్నట్టు నేను ఎక్కడా చదవలే.

పెద్దనాయనకు నేను చెప్పను. అది నీ మాట, చెబితే నువ్వే చెప్పాలె.

వచ్చే సోమవారం పొద్దున కాంటా పక్కన జాగా సాఫు చేయించి పెడతనని సేట్ అన్నడు. నేను రాలేను. వినాయక చవితి ఫ్లెక్సీలు గుట్టలు పడి ఉన్నయి. నువ్వు పోతవో పోవో అడగను. సోమవారం పది గంటలకు నేను మాత్రం తాండూరు దిక్కు తిరిగి కూర్చొని రింగులు కొడుతుంట.

వందన


తాండూరు,
సెప్టెంబర్ 6

బిడ్డా,

పోయిన. నీ కోసం కాదు. గోవిందమ్మ, మొగులమ్మ వాకిట్లకు వచ్చి నిలవడ్డరు. వాళ్లకు ఎవలు చెప్పిన్రో నేను అడగలే. పా అని రెక్క పట్టుకున్నరు.

డిపోల సేటు కుర్సీ ఏసుకొని కూసున్నడు. అతని మనుషులు మంచి మంచి బండలు తెచ్చి పెట్టిన్రు, పాలిషు బండలు. అవి వద్దు అన్న. పారేసిన ముక్కల కుప్ప కాడికి పోయి ఏరుకున్న. నాకు బండ మోగితే ఇనవడదు కద. సుత్తితోని ఒక కొసకు తట్టి, రెండో కొసకు మోచెయ్యి ఆనిచ్చిన. మంచి బండ అయితే మోచేతిల చీమ పాకినట్టయితది. పగులున్నదాంట్ల ఏమీ రాదు. చెవులున్నోళ్లు సుత మోసపోతరు గని మోచెయ్యి మోసపోదు. సేటు లేసి వచ్చి తను సుత మోచెయ్యి పెట్టి చూసిండు.

పొద్దున్నే మొదలువెట్టినం బిడ్డా, పగటి బువ్వ యాళకే సగం అయింది. కింద ఎడల్పు, మీద సన్నం. అతుకు మీద అతుకు రానియ్యలే. సందుల్ల పెచ్చులు బిగగొట్టినం. కన్ను కాడికి వచ్చేసరికి చేతులు ఆగినయి. గోవిందమ్మ నా మొకం చూసింది. కన్ను దేని దిక్కు పెట్టాలె? డిపోల గుంత లేదు. సేటును అడిగిన. కాంటా దిక్కు పెట్టు, లారీలు ఆడికెల్లే ఎనుకకు వస్తయి, నిరుడు ఒక మనిషి కింద పడబోయిండు అన్నడు. పెట్టిన. చెయ్యి గేటు దిక్కు పెట్టినం.

లోడు లారీ ఒకటి పోనిచ్చిండు. రేకుల షెడ్డు వణికింది, సేటు గిలాసల చాయ వణికింది. ఆనవాలు వణకలే. ఇంకోటి పోనిచ్చిండు. రెండుసార్లు బ్రేకులు కొట్టిచ్చిండు. ఆఖరుకు తనే పోయి భుజం పెట్టి నూకిండు. సేటు భుజమే నొచ్చింది.

ఇరవైరెండేండ్ల తర్వాత చేతులకు మాట వచ్చింది. ఇంటికి వచ్చి ఆ బండ దాటి లోపలికి పోయిన, కాలు పెట్టలే.

నాగవ్వ


వికారాబాద్,
సెప్టెంబర్ 15

పెద్దమ్మా,

నీ జాబు దుకాణంలో గట్టిగ చదివిన. రింగులు కొట్టే మిషన్ ఆపి మరీ చదివిన. సేట్ భుజం కాడికి వచ్చేసరికి అమర్‌నాథ్ సార్ తన గదిలోంచి వచ్చి, మళ్ల చదువు అన్నడు. చదివిన. నా కంప్యూటర్ స్విచ్ వేసి పోయిండు.

సంబరం అప్పుడే వద్దట. కాంట్రాక్టర్ ఫైబర్ మనిషిని మొన్న లారీలో పంపిండు. నువ్వు చూసే ఉంటవు. సంఘంలో సగం మందికి వాడే నచ్చిండట. ఫొటో మంచిగ వస్తదట. దాని పక్కన నిలబడి చేతులు చాచి ఇప్పటికే తీసుకుంటున్నరట. నీ ఆనవాలు పక్కన ఎట్ల నిలబడాల్నో వాళ్లకు తెలుస్తలేదు.

దీపావళి దాక ఇంకా నెల. నాకు అన్నం సయిస్తలేదు.

వందన


తాండూరు,
నవంబర్ 2

బిడ్డా,

కడుపు నిండ తిను. అయిపోయింది.

దీపావళి పోయిన అయిదో దినం గాలివాన. మా వాడకట్టుల రెండిండ్ల రేకులు లేసినయి. తెల్లారి నేను డిపోకు ఉరికిన. రేకుల షెడ్డు సగం లేదు. సంఘం ఆర్చి బోర్డు కాంటా మీద పడి ఉన్నది. ఫైబర్ మనిషిని కట్టిన తాళ్లు ఉన్నయి, మనిషి లేడు. ఆనవాలు ఉన్నది. దాని కన్నుల ఒక పిట్ట కూసున్నది.

సేటు వచ్చి చుట్టు మూడుసార్లు తిరిగిండు. అన్ని సందులల్ల ఏలు పెట్టి చూసిండు. నా దిక్కు తిరిగి ఏందో అన్నడు, నాకు ఇనవడలే. మల్ల గట్టిగ అన్నడు. చౌరస్తాల ఎప్పుడు మొదలువెడతవ్ అన్నడు.

ఫైబర్ మనిషి నాలుగు దినాలకు దొరికిండు. యాలాల్ తొవ్వల మొగులమ్మ కందిచేన్ల బోర్ల పడి ఉన్నడు. మొగులమ్మ లేపి నిలవెట్టి కట్టెకు కట్టింది. అడివిపందులు వస్తలేవట. ఇయ్యనంటుంది. కాంట్రాక్టరు వచ్చి మొత్తుకుంటే, వీడు ఇప్పుడు ఒక మాట అంటుండు, అననీ అన్నదట.

ఇగ అసలు సంగతి. చౌరస్తాలది మనిషికి రెండంతలు ఉండాలె. దాని చెయ్యికి పొడుగు బండ కావాలె. కుప్పలన్నీ ఎతికిన. దొరకలే. దొరకదని నాకు ఎరుకే. అది మా గడప ముంగట ఉన్నది.

పలుగు తీసుకొని తవ్వుతుంటే మీ పెద్దనాయన కట్టె పట్టుకొని వచ్చి, పిచ్చి లేసిందా అన్నడు. పెదవులు చూసి తెలుసుకున్న. చెప్పిన. అంత చెప్పిన. చేతిల పలుగు పట్టుకొనే చెప్పిన, ఆగితే చెప్పలేనని.

ఆయన అటు ఇటు చూసిండు. జవాబు చెప్పాలంటే నాతోని గట్టిగ అనాలె, అంటే వాడకట్టంత ఇంటరు. బొటనవేలు నోటి కాడ పెట్టి, తల ఎనుకకు ఒంచిండు. మల్ల పెట్టిండు. మూడు ఏళ్లు చూపెట్టిండు. మూడు సీసల కల్లు.

ఆ దినం మిషన్ కాడికి కాదట పోయింది. కల్లు కాంపౌండు కెల్లి వస్తుండట. ఆనవాలు ఉన్నా పడేటోన్నే అని చేతులతోని చూపెట్టిండు. ఇరవైరెండేండ్లు నేను బండను దాచిన, ఆయన సీసలు దాచిండు.

నేను అన్న, నువ్వు పడేటోనివే గావచ్చు, బండ తీసింది మాత్రం నేనే. తల ఊపిండు. కట్టె పక్కకు పెట్టి, కుంటి కాలు మడుసుకొని కూసోని, రెండో కొస ఎత్తిండు. ఇద్దరం బయటికి తీసినం.

వచ్చే ఆదివారం మొదలు. ఈసారి ఫ్లెక్సీలు అంటే ఊకోను.

నాగవ్వ


వికారాబాద్,
నవంబర్ 30

పెద్దమ్మా,

నేను నీ పక్కనే ఉన్న, పెచ్చులు అందించిన, చివరి రోజు నీతోపాటే ఎండలో నిలబడ్డ. నువ్వు చూసినవి నేను రాయను. నీకు వినబడనివి రాస్త.

నువ్వు నిచ్చెన ఎక్కి, చెయ్యి బండ వెనక కొస మీద బరువులు పెడుతున్నప్పుడు చౌరస్తాలో ఒక్కరు మాట్లాడలే. నీకు ఎప్పుడూ ఉండే నిశ్శబ్దం ఆ పది నిమిషాలు అందరికీ ఉండె. లారీలు కూడ హారన్ కొట్టలే. చెయ్యి నిలబడ్డంక నువ్వు దానికి మోచెయ్యి ఆనిచ్చినవ్ చూడు, అప్పుడు గోవిందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, వచ్చిందా, చీమ వచ్చిందా అని తనలో తను అనుకుంటుంది. నువ్వు కిందికి చూసి తల ఊపినవ్. ఆ చప్పట్లు నీకు కనబడ్డయి. వాటి వెనక ఈలలు కూడ ఉన్నయి. పెట్టింది పెద్దనాయన.

సేట్ మైకులో ఏం మాట్లాడిండో రాయమన్నవ్. రాసుకొచ్చింది జేబులోంచి తియ్యలే. మా నాయన గనిల ఇసొంటివి వంద చూసిన, ఒక్కసారి సుత ఒంగి చూడలే అన్నడు. తర్వాత మైకు పక్కోళ్లకిచ్చి, కోటు విప్పి, అందరి ముందర ఒంగి కన్నులోంచి చూసిండు. రోడ్డు అవతల నీళ్లు నిండిన పాత గుంతలు కనబడ్డట్టున్నయి. లేచినంక ఇంజినీరును పిలిచి ఆ గుంతల చుట్టు కంచె సంగతి అడిగిండు. ఆ మాట మైకులో రాలే, నేను పక్కనుంటే విన్న. నాకు ఆ రోజు అన్నిటికంటే పెద్ద చప్పుడు అదే.

అమర్‌నాథ్ సార్ కనబడ్డోళ్లకల్లా మా పిల్ల, మా పిల్ల అని నన్ను చూపెడుతుండు. నువ్వు నవ్వుతున్న ఫొటో పన్నెండడుగుల ఫ్లెక్సీ కొట్టించిండు. నీ మొహం తెల్లగ చేయబోతుంటే మౌస్ గుంజుకున్న.

కింద పలక మీద ఏం రాసిన్రో నువ్వు ఆ గుంపులో సగమే చదివినవని చెప్పినవ్. ఇదిగో మొత్తం:

'ఆనవాలు. నిలబెట్టినవారు నాగవ్వ, గోవిందమ్మ, మొగులమ్మ. రాళ్లతో దారి చెప్పే ఇన్యూట్ జనం గురించి తెలుసుకున్నాకే మేము మా ఆనవాలు వైపు చూశాము. వారికి మా నమస్కారం. కన్ను గుంత దిక్కు, చెయ్యి ఊరు దిక్కు. దయచేసి ఒక్క రాయి కూడా తీయకండి.'

చివరి వాక్యం ఎవరి కోసమో నీకూ నాకూ తెలుసు. పెద్దనాయన చదివించుకొని మస్తు నవ్విండు. నా పేరు లేదు. నేనే వద్దన్న. నేను పెట్టిన బొమ్మ మొగులమ్మ చేన్ల ఉంది, నాకు అది చాలు.

ఇంకొకటి. నిన్న మోమిన్‌పేట్ నుంచి ఇద్దరు వచ్చిన్రు. తమ బస్టాండు ముందర అచ్చం ఇట్లాంటిదే కావాలట. ఇంత ఎత్తే, ఇదే చెయ్యి, ఇదే కన్ను. అమర్‌నాథ్ సార్ నన్ను చూసిండు. పెద్దమ్మను అడిగి చెబుత అన్న. ఏం చెప్పాలె?

వందన


తాండూరు,
డిసెంబర్ 12

బిడ్డా,

మోమిన్‌పేట్ వాళ్లకు చెప్పు. మీ ఊర్ల కొత్తోనికి ఏం చెప్పాల్నో ముందు మీరు తెలుసుకోండ్రి. ఎక్కడ పడ్తరు, ఎటు పోవాలె, ఆ రెండు చెప్తే మేము ముగ్గురం వచ్చి పేర్చుడు నేర్పుతం. పెట్టేది మాత్రం మీ ఊరి ఆడోళ్లే. మాది తీస్కపోయి ఆడ పెడితే, అది మల్ల వైడ్ బాలే.

మీ పెద్దనాయన పొద్దున లేస్తే చౌరస్తాకే పోతుండు. జిందగీల ఒక్క ఆనవాలు చూడనోడు ఇప్పుడు దాని పక్కన బల్ల ఏసుకొని కూసోని, వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు చదివి చెప్తుండు. సగం తప్పులే. కన్ను పెట్టింది తనేనని సుత ఒకలిద్దరికి చెప్పిండట.

మొన్న మంచు మస్తు పడ్డది. కర్ణాటక నంబరు లారీ ఒకటి చౌరస్తాల ఆగింది. నేను పనికి పోతున్న. డ్రైవరు దిగిండు. నన్ను ఏందో అడిగిండు, కన్నడమో ఏమో, పెదవులు సుత అందలే. నేను చెయ్యి లేపేలోపట్నే ఆయన తల ఎత్తి చూసిండు. ఒంగి కన్నుల చూసిండు. దండం పెట్టి, లారీ ఎక్కి, ఊరు దిక్కు తిప్పుకొని పోయిండు. మంచుల ఆ లారీ ఎర్ర లైట్లు పోయేదాంక ఆడనే నిలవడ్డ. నీ ఇన్యూట్ వాళ్లు యాదికొచ్చిన్రు. వాళ్లకు ఇది రోజూ ఉంటది గావచ్చు.

గడప ముంగట కొత్త బండ ఇంక ఎయ్యలే. మట్టే ఉన్నది, సాఫుగున్నది. అయినా లోపలికి పోయేటప్పుడు కాలు ఎత్తే పెడుతున్న. ఆయన సుత ఎత్తే పెడుతుండు, ఆ కుంటి కాలు. నిన్న ఇద్దరం ఒక్కసారే ఎత్తి, ఒకరి మొకం ఒకరం చూసుకొని ఆడనే నవ్వినం.

నీకు శాతనైనప్పుడు రా. అరిసెలు పంపుదామనుకున్న గని పంపను, వచ్చి తిను.

నాగవ్వ